ఎడమ మడత

“అమ్మా, ఈ రెండు డబ్బాల్లో ఒకటి ఎడమ మడతలో కట్టిపెట్టవా?”

నా కూతురు కొనత్సు ఆ మాట అన్నప్పుడు నేను ఎండుచేపల తలలు గిల్లుతున్నాను. ఆదివారం మధ్యాహ్నం. తలలూ పేగులూ తీయకుండా మరిగిస్తే ఊడన్ నూడుల్స్ చారు చేదెక్కుతుంది. చారు చేదెక్కితే మా అత్తగారు ఒక్క మాట కూడా అనదు, గిన్నె పక్కకి జరుపుతుంది, అంతే. ఆ జరపడం ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను కాబట్టి ఆదివారాలు నా వేళ్ళు చేపల వాసన కొడుతుంటాయి. కొనత్సు దుప్పటి కప్పిన పొట్టి బల్ల మీద రెండు చాక్లెట్ డబ్బాలు పెట్టి, నా ఎదురుగా కాళ్ళు దుప్పట్లోకి దూర్చి కూర్చుంది. పక్కనే అత్తగారు నారింజలు వలుచుకుంటోంది.

నేను గబుక్కున చేతులు తుడుచుకున్నాను. “ఎవరు పోయారు?” అన్నాను.

“ఎవరూ పోలేదు. పోవాలనే,” అని నవ్వింది కొనత్సు.

నేను ఈ తకమత్సు ఊళ్ళో ఒక డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో కానుకలు చుట్టే బల్ల దగ్గర పదిహేనేళ్ళుగా పని చేస్తున్నాను. గంటల లెక్కన జీతం. శుభకార్యానికైతే డబ్బా వెనక కాగితం కుడి అంచు పైకి రావాలి. చావింటికైతే ఎడమ అంచు పైకి రావాలి. చూసేవాళ్ళకి ఏం తెలుస్తుందిలే అనుకుంటారు గానీ, మా ఊరి ముసలమ్మలు కానుక చేతిలోకి రాగానే ముందు వెనక్కి తిప్పి మడత చూస్తారు. నా కూతురికి కథలు చెప్పే వయసులోనే ఈ మడతలు నేర్పాను. చిన్న చిన్న వేళ్ళతో కాగితం పట్టుకుని “ఇది పెళ్ళి, ఇది చావు” అని ఆడుకునేది. ఆ చదువు ఈ రోజుకి ఇలా పనికొచ్చింది.

సంగతేమిటంటే, ప్రతి ఫిబ్రవరిలోనూ ప్రేమికుల రోజుకి ఈ పిల్లలు తమకి ఇష్టమైన బొమ్మల కథల్లో మనుషులకి చాక్లెట్లు పంపుతారు. నిజం మనుషులకి కాదు, బొమ్మల్లో మనుషులకి. ఆ పుస్తకం వేసే కంపెనీ చిరునామాకి, ఫలానావారికి అని పేరు రాసి పంపుతారు. ఎవరికి ఎన్ని వచ్చాయో కంపెనీవాళ్ళు తర్వాత అచ్చు వేస్తారు. కొనత్సు ప్రాణం పెట్టుకున్న కథలో కురోగానే అని ఒకడున్నాడు. ఊరు ఊరంతా తగలబెట్టాడు. కన్నతండ్రిని నరికాడు. పోయినేడు చచ్చిపోయాడు కూడా. వాడు చచ్చిన వారం కొనత్సు బడి ఎగ్గొట్టి ఏడ్చింది. వాడి చిన్నతనం ఎంత నరకమో నీకు తెలీదమ్మా అంది. వాడికి పోయినేడు అందరికంటే ఎక్కువ చాక్లెట్లు వచ్చాయి.

రెండో డబ్బా ఇసుజుకి. కథానాయకుడి తల్లి. ఐదేళ్ళ కొడుకుని అత్తగారి దగ్గర వదిలి, కత్తులు చేసే విద్య నేర్చుకోవడానికి కొండల్లోకి వెళ్ళిపోయిన మనిషి. ఆమెకి ఈసారి ఎడమ మడత డబ్బాలు పంపాలని అభిమానుల గుంపులో అందరూ మాట్లాడుకున్నారట. చావమని చెప్పడం అన్నమాట, మర్యాదగా, చాక్లెట్లతో.

ఈ కథ నాకు తెలియదని కొనత్సు అనుకుంటుంది. దాని గది ఊడ్చేటప్పుడు మొదటి పుస్తకం తెరిచాను. తర్వాత చీపురు పక్కన పెట్టి అన్నీ చదివాను. ఇసుజు మంచి మనిషి అని నేను అనను. కొడుకుకి పెద్ద జ్వరం వచ్చిందని కబురు అందితే, చేతిలో ఉన్న కత్తి పూర్తయ్యేదాకా ఆమె కదలలేదు. పిల్లవాడు బతికాడు గానీ ఒక చెవి పోయింది. ఆ పేజీ దగ్గర నేనూ పుస్తకం మూసేశాను. ఆ రోజు ఆమె మీద నాకూ కోపమొచ్చింది. మర్నాడు మళ్ళీ తెరిచి చూస్తే, అదే పేజీలో మూలగా, వేలెడంత బొమ్మలో, తండ్రి ఉన్నాడు. ఓడ మీద పని. అదే కబురు అతనికీ అందింది. చదివి, మడిచి, చొక్కాలో పెట్టుకున్నాడు. అంతే. కథ అతన్ని మళ్ళీ అడగలేదు. చదివినవాళ్ళూ అడగలేదు.

నాకు మాత్రం ఆ వేలెడంత బొమ్మ చూశాక చాలా రోజులు నిద్ర సరిగ్గా పట్టలేదు. కొనత్సుకి నాలుగేళ్ళప్పుడు మా ఆయనకి సెందాయికి బదిలీ అయింది. ఇక్కడ దానికి తన్‌షిన్ ఫునిన్, అంటే ఒంటరి బదిలీ, అని పేరు. ఇల్లూ పెళ్ళాం పిల్లలూ ఉన్నచోటే ఉంటారు, మగవాడు ఒంటరిగా వెళ్తాడు. ఆరేళ్ళు ఉన్నాడు. ఆ మొదటి చలికాలం పిల్లకి న్యుమోనియా వచ్చింది. ఆసుపత్రి నుంచి ఫోన్ చేస్తే, “నేనొచ్చి మాత్రం చేసేదేముంది? రేపు పెద్ద మీటింగ్ ఉంది. డాక్టర్లు చూసుకుంటారుగా, నువ్వున్నావుగా అమ్మా,” అన్నాడు. పిల్ల పుట్టిన నాటి నుంచి ఆయన నన్ను అమ్మా అనే పిలుస్తాడు. మసుమి అన్న నా పేరు ఇంట్లో అత్తగారి నోట తప్ప వినపడదు. ఆ రోజు ఆసుపత్రి బల్ల మీద నా పక్కన కూర్చుని ఆవిడ అన్న మాట ఇంకా చెవుల్లోనే ఉంది. “పాపం, అక్కడ ఒక్కడూ ఏం తింటున్నాడో ఏమో.” లోపల పిల్ల ఊపిరి అందక ఎగపోస్తోంది. నేను మర్నాడు ఇంటికెళ్ళి, కూరలు వండి, చల్లటి పెట్టెలో సర్ది సెందాయికి పంపాను. పంపింది నేనే. ఎవరూ బలవంతం చేయలేదు. ఆయన తిరిగొచ్చినప్పుడు వీధిలోవాళ్ళంతా ఎంత కష్టపడ్డారండీ అని ఆయనకి వంగి దణ్ణాలు పెట్టారు.

ఇదంతా ఇప్పుడు ఎందుకు తవ్వుకుంటున్నానంటే, పదిరోజుల క్రితం మా మేనేజరు నన్ను పక్కకి పిలిచాడు. ఏప్రిల్‌లో ఫుకువోకాలో కొత్త స్టోర్ తెరుస్తున్నారు. అక్కడి అమ్మాయిలకి కట్టడం నేర్పడానికి మనిషి కావాలి. రెండేళ్ళు. పూర్తి ఉద్యోగం, నెల జీతం. ఇంటిపేరుతో పిలిచి, “ఒనిషి గారూ, మీ చేతులు చూసే మీ పేరు రాశాను. ఇంట్లో అడిగి నెలాఖరులోపు చెప్పండి,” అన్నాడు. ఇంట్లో అడిగి. మా ఆయన్ని సెందాయికి పంపినప్పుడు ఇంట్లో అడిగి రమ్మన్నవాళ్ళెవరూ లేరు. ఆయన రాత్రి అన్నం తింటూ, ఏప్రిల్ నుంచి సెందాయి అని చెప్పాడు. నేను, అయితే మందపాటి దుప్పట్లు కావాలి అన్నాను. మా మధ్య జరిగిన చర్చ మొత్తం అదే.

మేనేజరు మాట విన్న ఆ మధ్యాహ్నం నేను ఒక పెళ్ళి కానుకని ఎడమ మడతలో కట్టేశాను. పదిహేనేళ్ళలో ఎన్నడూ లేనిది. పెళ్ళికూతురి పిన్ని డబ్బా వెనక్కి తిప్పి చూసి, కెవ్వుమని అరిచింది. మేనేజరూ నేనూ నడుములు విరిగేలా వంగి క్షమాపణ చెప్పాం. నా చేతులకి ఏమైందో నాకు తెలుసు. వెళ్ళాలని ఉంది. ఎంతగా ఉందంటే, నాకే సిగ్గేసేంత. అయినా ఇంట్లో నోరు విప్పలేదు. నేను వెళ్తే ఎవరూ దాన్ని ఒంటరి బదిలీ అనరు. వాళ్ళు అనబోయే మాట నాకు ముందే వినపడుతోంది.

“కట్టవా మరి?” కొనత్సు కాగితం నా వైపు తోసింది. “నువ్వు కడితే గీత తీసినట్టుంటుంది. నేను కడితే ముడతలు పడుతుంది.”

“ఇసుజు ఏం చేసిందని?”

కొనత్సు తలెత్తి చూసింది. “నీకామె తెలుసా? కన్నకొడుకునొదిలేసి పోయిందమ్మా. విషపు తల్లి.”

ఈ మాట ఈమధ్య ఎక్కడ చూసినా వినపడుతోంది, విషపు తల్లి. విషపు తండ్రి అని ఎవరైనా అనగా నేను పెద్దగా వినలేదు.

అత్తగారు నారింజ తొన నోట్లో వేసుకుంటూ అందుకుంది. “అదేనా నువ్వు మొన్న చెప్పింది? పిల్లాడికి జ్వరమొస్తే రాని మనిషికి చాక్లెట్ కూడానా? తల్లన్నాక ఎంత పనున్నా లేచి రాదూ?”

“అందుకే కదా నానమ్మా, ఎడమ మడత.”

నేను అడిగాను. “ఆ పిల్లాడి తండ్రి పేరేంటి?”

“తండ్రా?” అంది కొనత్సు. మొదటి పుస్తకం నుంచి ప్రతి కత్తికీ పేరు చెప్పగలదు. కురోగానే గుర్రానికి రెండు పేర్లున్నాయి, రెండూ చెప్పగలదు. “ఉండు... ఏదో ఉంది. ఫోన్లో చూస్తా.”

“చూడు.”

వేలితో తోస్తూ పోయింది. నేను కాగితం పరిచాను. వెనక గదిలో టీవీ చూస్తున్న మా ఆయన తలుపు జరిపి, “అమ్మా, టీ ఏమైనా ఉందా?” అన్నాడు. ఎవరూ లేవలేదు. ఆయన వచ్చి బల్లకి నాలుగో వైపు కూర్చున్నాడు.

“పేరు పెట్టలేదమ్మా,” అంది కొనత్సు నెమ్మదిగా. “ఉత్త తండ్రి అనే ఉంది.”

“కబురు ఆయనకీ వెళ్ళింది. అదే పేజీలో, కింద మూల చూడు. ఆయనా రాలేదు.”

“ఆయన ఓడ మీదున్నాడు కదా. పని కదా.”

“ఆమె కొలిమి దగ్గరుంది. అదీ పనే.”

“అదీ ఇదీ ఒకటేనా!” అంది అత్తగారు.

“ఎలా ఒకటి కాదో చెప్పండి అత్తయ్యా,” అన్నాను. ఆవిడ నారింజ తొక్కలు కుప్పగా పోసింది. మా ఆయన నవ్వాడు. “బొమ్మల కథ గురించి ఇంత ఆవేశమా? ఉత్త బొమ్మే కదా, వదిలేయ్ అమ్మా.”

బొమ్మే. ఆమెకి నొప్పి తెలియదు. వెయ్యి ఎడమ మడతలు చేరినా ఆమె చావదు. కానీ వాటిని మడిచే వేళ్ళు నిజమైనవి. నా కూతురి వేళ్ళు. రేపు అది ఎక్కడికైనా వెళ్ళాలనుకుంటే తనకి తానే ఆ మడత పెట్టుకుంటుంది. నేను పదిరోజులుగా చేస్తున్న పని అదే కదా. ఇసుజు తప్పు చేసింది, నిజమే. తప్పు చేసిన మనిషిగానే ఉండనివ్వండి ఆమెని. ఊరు కాల్చినవాడి మీద ఖర్చు పెట్టిన కన్నీళ్ళలో ఒక్క చుక్క మిగిల్చి, ఎందుకు రాలేదమ్మా అని ఒక్కసారి అడగండి. నేను కోరేది అంతకన్నా ఎక్కువేం కాదు.

ముందు కురోగానే డబ్బా తీసుకున్నాను. మూల మీద మూల, ఎడమ అంచు పైకి. కొనత్సు లబలబలాడింది. “అమ్మా! అది కురోగానేది! తప్పు డబ్బా!”

“చచ్చిపోయాడు కదే. చచ్చినవాడికి ఎడమ మడతే కట్టాలి. నా పని నాకు తెలుసు.” తర్వాత ఇసుజు డబ్బా పరిచిన కాగితం మీద పెట్టాను. కుడి అంచు పైకి తెచ్చి, గోరుతో గీత లాగాను. “ఈమె బతికుంది. బతికున్న మనిషికి ఇంకో మడత నా చేతులతో కట్టను. నీకు అక్కర్లేకపోతే పంపకు.”

కొనత్సు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకు జాలేసింది గానీ చేయి ఆపలేదు. అతుకు అంటించి, డబ్బాని దాని ముందుకి జరిపి, అదే గొంతుతో అన్నాను. “ఏప్రిల్ నుంచి నాకు ఫుకువోకా. రెండేళ్ళు.”

టీవీలో ఎవరో నవ్వుతున్నారు. అత్తగారి చేతిలో నారింజ అలాగే ఉండిపోయింది.

“ఇల్లొదిలి పోతావా?” అంది. ఆ మాటే. పదిరోజులుగా నా చెవుల్లో ఉన్నది అదే, అక్షరం పొల్లు పోకుండా.

“ఒంటరి బదిలీ అత్తయ్యా. మీ అబ్బాయి వెళ్ళినట్టే.”

“మగవాడు వెళ్ళడమూ నువ్వు వెళ్ళడమూ...” ఆవిడ నారింజని బల్ల మీద పెట్టేసింది.

మా ఆయన నా ముఖంలోకి చూశాడు. కోపం కంటే అయోమయం ఎక్కువుంది ఆ చూపులో. “మరి అన్నం అదీ? మా సంగతేంటి? చెప్పాపెట్టకుండా ఇలా...”

“ఇప్పుడు చెప్పానుగా. మీరు సెందాయి సంగతి అన్నం తింటూ చెప్పినట్టే.”

కొనత్సు ఇసుజు డబ్బాని వెనక్కి తిప్పి మడత చూస్తోంది, మా ఊరి ముసలమ్మల్లాగే. తలెత్తకుండా అడిగింది. “నాకు జబ్బు చేస్తే వస్తావా?”

ఈ ప్రశ్నకి భయపడే నేను పదిరోజులు నోరు మూసుకున్నాను. వస్తానని చటుక్కున అనేయొచ్చు. కానీ అది ఇక చిన్నపిల్ల కాదు. “రావడానికే చూస్తాను,” అన్నాను. “ఏదో ఒకసారి రాలేకపోవచ్చు కూడా. అప్పుడు ఇక్కడ మీ నాన్న ఉంటాడు.”

నా మీద విరుచుకుపడుతుందనుకున్నాను. అది ఆ మడతని వేలితో నిమిరింది. తర్వాత తండ్రి వైపు తిరిగింది. “నాన్నా, నాకు న్యుమోనియా వచ్చినప్పుడు నువ్వు సెందాయిలో ఉన్నావు కదా. వచ్చావా?”

ఆయన నుదురు ముడిచాడు. నిజంగానే గుర్తు తెచ్చుకోవాలని చూశాడు, అబద్ధం చెప్పే మనిషి కాదు. పైకప్పు వైపు చూశాడు. తల్లి వైపు చూశాడు. ఆవిడ కళ్ళు దించుకుంది. ఆఖరికి, పోయిన సాక్సు ఎక్కడుందో అడిగే గొంతుతో, అలవాటు ప్రకారం నా వైపు తిరిగాడు.

“అమ్మా, అప్పుడు నేను వచ్చానా?”

నేను చేపల పళ్ళెం దగ్గరకి లాక్కుని, ఒక తల గిల్లాను.