నూకరత్నం పథకం బండి

నేను ఒక తోపుడు బండిని. నాలుగు సైకిలు చక్రాలు, ఒక చెక్క పలక, పైన రేకు. నన్ను ఎవరో ముచ్చటపడి చేయించుకోలేదు. పేదల కోసం ప్రభుత్వం ఒకేసారి రెండు వందల బండ్లు చేయించినప్పుడు ఆ గుంపులో పుట్టాను. నన్ను బిగించినవాడికి ఆ రోజు భోజనానికి ఆలస్యమైనట్టుంది, ముందరి ఎడమ చక్రం వంకరగా బిగించాడు. కదిలితే చాలు, కీచుమని ఏడుస్తాను.

మైదానంలో పెద్దలకి షామియానా వేసి, మిగతా అందర్నీ ఎండలో మూడు గంటలు కూర్చోబెట్టి, చివరికి నన్ను నూకరత్నం చేతిలో పెట్టారు. నా నుదుటన నాయకుడి బొమ్మ, దాని పక్కన పథకం పేరు, ఎక్కడో అడుగున చిన్నగా నా నంబరు. నూకరత్నం అవేవీ చూడలేదు. కాలేజీ మలుపులో నన్ను నిలిపి, పలక మీద పొయ్యి పెట్టి మిరపకాయ బజ్జీలు వేయడం మొదలుపెట్టింది. ఎనిమిదేళ్ళు వేసింది. ఆ నూనంతా తాగి నా పలక నల్లబడింది.

రోజూ సాయంత్రం గోవర్ధనం మాస్టారు వచ్చేవారు. కాలేజీలో అర్థశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. ఇంకా చెప్పాల్సింది చాలా మిగిలిపోయి, వినేవాళ్ళు లేక, నూకరత్నానికి చెప్పేవారు.

"ప్రభుత్వానికి ఉండాల్సిన పనులు మూడే నూకరత్నం. దొంగల్ని పట్టుకోవడం, తగువులు తీర్చడం, సరిహద్దు కాయడం. మిగతా వాటిలో వేలు పెట్టకూడదు."

"మరి లేనోళ్ళనెవరు చూత్తారండి?"

"ఎవరూ అడ్డురాకపోతే లేనివాడు తన కాళ్ళ మీద తనే నిలబడతాడు."

"మా ఆయన మంచం మీదున్న ఏడాది కాళ్ళెక్కడున్నాయండి? బియ్యం కార్డే మా కడుపు నింపింది."

"అలాంటివాళ్ళని దయగలవాళ్ళు చూసుకుంటారు."

"మీరు దయగలోరే మాస్టారూ. కానీ మొన్న వాన పడితే మూడ్రోజులు రాలేదు కదండి."

మాస్టారు ఇంకో బజ్జీ అందుకున్నారు. సర్కారు సొమ్ముతో పుట్టినదాన్ని కాబట్టి నేను ఎవరి పక్షమూ వహించలేదు.

ఇంతలో ఎన్నికలు వచ్చి ప్రభుత్వం మారింది. పథకం బండ్లన్నిటికీ కొత్త రంగు వేయమని ఉత్తర్వు వచ్చింది. పెయింటరు పాత నాయకుడి ముఖం మీద బ్రష్షు తిప్పిన ఊపులో నా నంబరు మీద కూడా తిప్పేశాడు. కొత్త బొమ్మ వేశాడు, నంబరు మాత్రం వేయలేదు. దాని గురించి ఉత్తర్వులో లేదట.

నెల తిరక్కుండానే ఎవరో పెద్దలు ఊరికి వస్తున్నారని రోడ్లు శుభ్రం చేశారు. శుభ్రం చేయడమంటే మమ్మల్ని లారీ ఎక్కించడం. నన్ను ఇచ్చింది మునిసిపల్ ఆఫీసు మేడ మీది గది, పట్టుకొచ్చింది కింది గది. ఆఫీసు వెనక దొడ్లో నాతోపాటు పన్నెండు బండ్లున్నాయి. అందరిదీ ఒకే రంగు, ఒకే నాయకుడు.

"నంబరు చూపించమ్మా, బండి తీసుకుపో," అన్నాడు ఇన్‌స్పెక్టరు సన్యాసిరావు.

"నంబరు మీవోళ్ళే చెరిపేశారు కదండి."

"అయితే నీదేనని నమ్మకమేంటి? పదిహేను రోజుల్లో తేలకపోతే వేలం వేసేస్తాం."

ఆమె రోజూ వచ్చి గేటు దగ్గర నిలబడి వెళ్ళేది. ఇంట్లో పొయ్యి వెలగడం లేదని ఆమె ముఖం చూస్తేనే తెలిసేది. నాకు చాలా బాధగా ఉండేది. పద్నాలుగో రోజున మాస్టారిని వెంటబెట్టుకొచ్చింది.

"ఇలాంటి బండ్లు పంచొద్దని పేపరుకి ఉత్తరాలు రాసింది మీరే కదండీ," అన్నాడు సన్యాసిరావు.

"రాశాను. పంచకూడదు. పంచాక లాక్కోకూడదు. మనిషి చెమట కలిసిన వస్తువు ఆ మనిషిది, అంతే."

"చెమటకి మా రిజిస్టర్లో గడి లేదండి."

వాళ్ళిద్దరినీ అలా వదిలేసి నూకరత్నం దొడ్లోకి నడిచింది. ఒక్కో బండినీ కాస్త తోసి చూసింది. ఏడోది నేను. నా జన్మలో అంత గట్టిగా ఎప్పుడూ ఏడవలేదు.

"ఇదేనండి. కావాలంటే పలక వాసన చూడండి."

సన్యాసిరావు వంగి వాసన చూసి కళ్ళు మూసుకున్నాడు. భోజనం వేళ దాటి గంటయింది. లేచి సంతకం పెట్టాడు. కానీ ఇకమీద రోడ్డు మీద నిలపనని ఆమెచేత వేలిముద్ర వేయించుకున్నాడు.

"రోడ్డెందుకు, మా వాకిట్లో పెట్టుకో. నా స్థలం, ఎవరి అనుమతీ అక్కర్లేదు," అన్నారు మాస్టారు. వెళ్ళాం.

మొదటి వారం హాయిగా గడిచింది. తరవాత, పొగ హాల్లోకి వస్తోంది, మధ్యాహ్నం వేయొద్దన్నారు. పిల్లలు గోల చేస్తున్నారు, ఒక్కొక్కరినే రానిమ్మన్నారు. ఏకాదశినాడు ఉల్లిపాయ వద్దన్నారు. చివరికి ఈ షరతులన్నీ ఒక అట్ట మీద రాసి నా రేకుకి కట్టారు. కొత్త నాయకుడి ముఖం దాని వెనక దాక్కుంది.

"గవర్నమెంటు చిన్నదుండాలన్నారు కదండి. చిన్నదే, కానీ గుమ్మంలోనే ఉంది," అని నూకరత్నం అట్ట విప్పి మాస్టారి చేతికిచ్చి, నన్ను కాలేజీ మలుపుకి తోసుకుపోయింది.

మూడో రోజు సాయంత్రం సిగ్గుపడుతూ మాస్టారు అక్కడికే వచ్చారు. బజ్జీ అందుకోబోతుంటే మునిసిపల్ జీపు కనిపించింది. నూకరత్నం పొయ్యి దించకుండానే నన్ను సందులోకి తోసింది. ఎడమ చక్రం గుంటలో పడి కదలలేదు. నన్నింక ఈసారి వదలరని తెలిసి ఆమె ముందుకి వెళ్ళి లాగసాగింది. మాస్టారు పంచె ఎగ్గట్టి, వెనక నుంచి భుజం ఆనించి తోశారు. సందు మలుపు తిరిగేసరికి ఆయన చొక్కా తడిసిపోయింది. చెమట చుక్కలు నా పలక మీద పడ్డాయి. జీపు దాటిపోయింది.

"మీ చెమట కూడా కలిసింది కదా మాస్టారూ, బండిలో మీకూ వాటా వచ్చినట్టేనా?" అంది నూకరత్నం కొంగుతో ముఖం తుడుచుకుంటూ.

మాస్టారు పంచె దించుకున్నారు.

"లేదు. ఇది దయ కింద లెక్క."

"అయితే వాన పడినా రండి," అంది ఆమె, మూకుట్లో బజ్జీ తిరగేస్తూ.