అమ్మ వెచ్చబెట్టిన కోల్డ్ బ్రూ

నాన్నకి ముక్కులోంచి గొట్టం వెయ్యనివ్వకూడదు. ఆ మే నెలలో మా ఇంట్లో అందరికీ ఉన్న పని అదొక్కటే.

నాన్న పేరు పోలరాజు. టాటానగర్ రైల్వే యార్డులో ముప్పై రెండేళ్ళు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఆ ఊళ్ళోనే భుయ్యాడీహ్‌లో రెండు గదుల ఇల్లు కట్టాడు. ఆ ముప్పై రెండేళ్ళూ దవడలో ఖైనీ పొగాకు పెట్టుకునే తిరిగాడు. వద్దని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. చివరికి గొంతులో క్యాన్సర్ వచ్చింది. ముప్పైసార్లు రేడియేషన్ ఇవ్వాలన్నారు. ఇరవై అయ్యేసరికి గొంతు లోపలంతా పుండైపోయి, ఉమ్మి మింగాలన్నా కళ్ళలో నీళ్ళు తిరిగేవి.

రోజుకి లీటరున్నర ఏదో ఒకటి గొంతు దిగాలన్నాడు డాక్టరు. వేడిది వద్దే వద్దు, ఏదిచ్చినా చల్లగానే ఇవ్వండి, సోమవారం బరువు చూస్తాను, ఇంకా తగ్గితే ముక్కులోంచి పైపు వేసేస్తాను అని అమ్మకీ నాకూ ఇద్దరికీ హిందీలో రెండేసిసార్లు చెప్పాడు. అమ్మ రెండుసార్లూ తలూపింది.

ఆస్పత్రిలో పక్క మంచం మనిషికి అలాంటి పైపు వేస్తుంటే నాన్న కళ్ళారా చూశాడు. ఇంటికొచ్చాక నా చెయ్యి పట్టుకుని, మిగిలిన ఆ కాస్త గొంతుతో అన్నాడు.

"తనూ, నాకది ఎయ్యనీకే. నోటితో తాగి సచ్చిపోతాను గానీ, ముక్కుతో తాగి బతకలేను."

ఆ మాటకి నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదో తెలీదు. నాకు ఏడుపు రావాల్సిన చోటల్లా కోపమే వస్తుంది, అదొక రోగం.

నేను అదే ఊళ్ళో బిష్టుపూర్‌లో ఒక కాఫీ షాపులో పనిచేస్తాను. అక్కడ కోల్డ్ బ్రూ, అంటే చన్నీళ్ళలో నానబెట్టి తీసే కాఫీ, చేసేది నేనే. ఆ సంగతి మొదట్లో విని మా అమ్మ పైడమ్మ బుగ్గలు నొక్కుకుంది. "ఓలమ్మో, సల్లారిపోయిన కాఫీ తాగడానికి అంత దూరం నించి వత్తారేటే మడుసులు?" అంది. ఆవిడ అలా అనడంలో వింతేం లేదు. మా ఇంట్లో టీ అంటే పొగలు కక్కాలి. యార్డు నుంచి వచ్చిన నాన్న గ్లాసు ముట్టుకుని, వేడి చాలకపోతే "ఇది టీయేటే, కుడితా?" అని నెట్టేసేవాడు. ఒకసారి గోడకేసి కొట్టాడు కూడా. అమ్మ మళ్ళీ కాచేది. నేనైతే ఆ గ్లాసు ఆయన నెత్తినే బోర్లించేదాన్ని.

అలాంటి మనిషికి ఇప్పుడు చల్లనిది తాగించాలి. పాలు ఇస్తే కక్కాడు. కొబ్బరినీళ్ళు మండాయన్నాడు. ఆయన నాలుకకి నచ్చేవి ప్రపంచంలో రెండే రెండు, టీ, కాఫీ. పులుపు లేకుండా, చల్లగా, పాలు కలిపి ఇచ్చి చూడమన్నాడు డాక్టరు. అది నాకు చేతనైన పనే.

కాఫీ గింజల్ని బొంబాయి రవ్వంత బరకగా ఆడించి తెచ్చాను. లీటరు చన్నీళ్ళలో వంద గ్రాములు పోసి, మూతపెట్టి, పదహారు గంటలు ఫ్రిజ్‌లో వదిలేశాను. పొయ్యి ముట్టించే పనే లేదు. మర్నాడు అమ్మ పాత నూలు చీర ముక్క ఉతికి అందులో వడకట్టాను. గుడ్డని పిండకూడదు, దానంతట అదే దిగాలి, పిండితే చేదు వస్తుంది. వేడి తగలని కాఫీ కమ్మగా ఉంటుంది, గొంతుని కొరకదు. ఇంకో సీసాలో టీ ఆకు నానబెట్టాను, దానికి ఎనిమిది గంటలు చాలు. మా వైపు కరెంటు పోతే గంటల తరబడి రాదు కాబట్టి షాపు నుంచి ఐసు డబ్బా తెచ్చి సీసాలు అందులో పెట్టాను.

గురువారం పొద్దున్న కాఫీలో చల్లటి పాలు, డాక్టరు రాసిచ్చిన ప్రొటీన్ పొడి కలిపి చెంచాతో పట్టాను. నాన్న నోట్లో ఉంచుకుని కళ్ళు మూసుకున్నాడు. మింగాడు. మళ్ళీ నోరు తెరిచాడు. నేను పిచ్చిదానిలా పైకే నవ్వేశాను.

గ్లాసుడు అయ్యాక నేను పదింటికి షాపుకి పోయాను. మిగతాది అమ్మ ఇవ్వాలి. సాయంత్రం వచ్చేసరికి రెండు సీసాలూ ఖాళీ. శుక్రవారమూ అంతే. ఆ ఖాళీ సీసాలు కడుగుతూ నేనెంత పొంగిపోయానో చెప్పలేను. సోమవారం డాక్టరు మొహాన బరువు చూపించి రావచ్చనుకున్నాను.

శనివారం పొద్దున్న నాన్న నా చెంచాకి నోరు తెరవలేదు. బలవంతంగా రెండు గుక్కలు పోస్తే గొంతు పట్టుకుని మెలికలు తిరిగిపోయాడు. రేడియేషన్ పుండు ముదిరింది కాబోలనుకున్నాను. సాయంత్రానికి మాత్రం సీసాలు ఖాళీ. నాకు అర్థం కాలేదు. నాకు కాకపోతే అమ్మ చేతికైనా తాగుతున్నాడు కదా, అదే చాలనుకున్నాను.

ఆదివారం షాపులో జనరేటర్ చెడిపోయి మూడింటికే పంపించేశారు. ఇంటికొచ్చేసరికి వంటగదిలో స్టవ్ వెలుగుతోంది. దాని మీద గిన్నెలో నా కోల్డ్ బ్రూ, పాలు, పొంగు వచ్చేలా ఉన్నాయి. అమ్మ దించి, గ్లాసులో పోసి, పైట చెంగుతో పట్టుకుని ముందుగదిలోకి తీసుకెళ్ళింది. నేను తలుపు దగ్గరే నిలబడిపోయాను. అమ్మ రెండుసార్లు ఊది గ్లాసు ఆయన నోటికి అందించింది. నాన్న మంచం పట్టీని పిడికిలితో బిగించి పట్టుకుని తాగాడు. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. తుండుతో తుడుచుకుని, బాగుందన్నట్టు చెయ్యి ఊపాడు. అమ్మ మొహం వెలిగిపోయింది.

నా ఒళ్ళు మండిపోయింది. వెళ్ళి ఆ గ్లాసు లాక్కున్నాను. చెయ్యి చుర్రుమంది.

"పాగల్ హో క్యా, అమ్మా!" నీకేమైనా పిచ్చా అని మొదలుపెట్టాను. కోపం వస్తే నాకు హిందీయే వస్తుంది. డాక్టరు ఏం చెప్పాడు, నువ్వేం చేస్తున్నావు, నాలుగు రోజుల నుంచి ఆయన గొంతు కాల్చేస్తున్నావు, క్యాన్సర్ చంపకపోయినా నువ్వు చంపేస్తావు అని వీధి వీధంతా వినేలా అరిచాను.

"ఏటే ఆ మాటలు?" అంది అమ్మ. "జబ్బు మడిసికి ఐసు నీళ్ళు తాపుతారేటే? కఫం పట్టీదా? నానేటి మరగబెట్టీసినానా? రవ్వంత ఎచ్చబెట్టినాను. మీ నాన్న తాగీసినారు గదే. బాగుందన్నారు గదే."

"బాగుందా? ఆ కళ్ళు చూడు!"

అమ్మ చూసింది. నాన్న మొహం తిప్పుకున్నాడు. అమ్మ వంటగదిలోకి వెళ్ళిపోయింది. గిన్నె తోముతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది.

నాన్న నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశాడు. ఆయన నోటి దగ్గర చెవి పెడితే గాని మాట తెలియలేదు.

"కాల్తందని నాకు తెలీదేటే? ముప్పయ్యేళ్ళు ఏడిగా నేదని మీ అమ్మని తిట్టినోణ్ణి. ఇప్పుడు కాల్తందని ఏ మొగం ఎట్టుకుని సెప్తాను?" ఆయాసపడి ఆగాడు. "అదెంత సంతోసంగా ఇత్తందో నువ్వు సూణ్నేదు. ఎందుకు సెప్పీసినావే?"



సాయంత్రం ఐసు డబ్బాలోంచి చల్లటి టీ తీసి పట్టాను. నోరు తెరవలేదు. నొప్పో, నా మీద కోపమో నాకు ఇప్పటికీ తెలీదు. కళ్ళు మాత్రం వంటగది వైపే ఉన్నాయి. వెళ్ళి అమ్మ కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. నువ్వు ఇవ్వు, నీ చేత్తో చల్లగానే ఇవ్వు, నువ్విస్తే తాగుతాడు, ఈ ఒక్క రాత్రికి గొంతు చల్లబడితే రేపటికి ఎలాగో గట్టెక్కుతాం అని బతిమాలాను. గ్లాసు చేతిలో పెట్టబోతే వెనక్కి లాక్కుంది.

"నా సేత్తో ఒద్దే అమ్మా. నీకు తెల్సు ఎలాగివ్వాలో. నువ్వే ఇయ్యి."

చల్లటి టీ అలాగే ఉండిపోయింది. పొద్దున్న ఐసంతా కరిగి సీసాలు నీళ్ళలో తేలుతున్నాయి.

సోమవారం చూస్తే పోయిన వారం కన్నా బరువు రెండు కిలోలు తగ్గింది. డాక్టరు నన్నేమీ అనలేదు. అంటే బాగుండేది. పైపు వేసేటప్పుడు నాన్న పెనుగులాడతాడేమోనని ఇద్దరు వార్డుబాయ్‌లని పిలిచారు, కానీ వాళ్ళ అవసరం పడలేదు. నన్ను చూడకుండా, పైకప్పు చూస్తూ వేయించుకున్నాడు.

నర్సు పెద్ద సిరంజి తెచ్చి, ఎత్తి పట్టుకుని మెల్లగా పోయాలని చూపించింది. ఇంటి దగ్గర ఎవరు పోస్తారని హిందీలో అడిగింది. అమ్మ రెండు చేతులూ పైట కింద దాచుకుని గోడకి ఆనుకుంది. నాన్న అమ్మ వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

"మై," అన్నాను, నేనే అని.

సిరంజి పట్టుకుని పాలు పోశాను. గొట్టంలో తెల్లగా దిగసాగాయి. నాన్న కళ్ళు మూసుకున్నాడు. ఆయన గొంతు కదల్లేదు, మింగాల్సిన పని ఇంక లేదు. అమ్మ గోడ దగ్గర్నుంచి కదలకుండా, వినపడీ వినపడకుండా అంది.

"ఏడిగా ఉన్నాయేమో సూడే, తనూ."