పేరు మార్చిన ఊరు

గౌరీశంకర్ ఒక యూనివర్సిటీలో ప్రాంతీయ అధ్యయన కేంద్రం సీనియర్ ఫెలో. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో గెడ్డపేట అనే ఊళ్లో ఏడాది తిరిగాడు. ఇంటింటా కిడ్నీ జబ్బు గోడు విని పుస్తకం రాశాడు. పుస్తకంలో ఆ ఊరు కొబ్బరిపేట అయింది, అక్కడ అతనికి అన్నం పెట్టిన రత్నాలమ్మ పద్మమ్మ అయింది. పెద్ద చదువుల్లో అదో మర్యాద. జనం బాధ రాసుకుంటారు, జనం పేరు దాచేస్తారు.

ఆ మర్యాదే గెడ్డపేట నోట్లో మన్ను కొట్టింది. జబ్బున్న ఊళ్లకు సర్కారు మంచినీళ్ల పైపు వేస్తోంది. ముందు ఏ ఊళ్లకు వెయ్యాలో తేలుస్తున్నారు, జబ్బుకి రుజువు తెమ్మన్నారు. ఊరివాళ్లు పుస్తకం పట్టుకెళ్తే, "ఇందులో మీ ఊరే లేదు కదా" అని పలాస ఆఫీసులో తిప్పి పంపేశారు.

టెక్కలిలో సదస్సు జరుగుతుంటే రత్నాలమ్మ, ఆమె భర్త పోలారావు గౌరీశంకర్‌ని గుమ్మంలో పట్టుకున్నారు. పోలారావు కొబ్బరితోట రైతు. ఇప్పుడు డయాలసిస్ మీద బతుకుతున్నాడు.

"ఏటి బాబూ! మా ఇంట్లో మెత్తల్ల సేపల పులుసు తిన్నప్పుడు మా ఊరు పేరు తెలుసు. రాసినప్పుడు మర్సిపోనావేటి?" అంది రత్నాలమ్మ.

"మర్చిపోలేదమ్మా. పేరు బయటపడితే మీ అబ్బాయికి పిల్లనివ్వరని మీరే కదా భయపడ్డారు?"

"పెల్లి కాపోయినా ఆడు బతుకుతాడు. నీల్లు లేపోతే బతుకుతాడేటి? ఊరోల్లందరం ఒప్పుకున్నాం. కొబ్బరిపేటంటే గెడ్డపేటేనని ఒక్క ముక్క రాసియ్యి."

మరో సీనియర్ ఫెలో ఇందుమతి అతన్ని పక్కకు లాగింది. "నియమం నియమమే శంకర్. ముందు మన కేంద్రం కమిటీ అనుమతి తీసుకో. నీ ఫెలోషిప్ పొడిగించాల్సిందీ వాళ్లే, మర్చిపోకు."

నిజానికి అతను భయపడింది దానికే. ఊరి పరువు, చదువుల నీతి, అవన్నీ పైకి చెప్పుకోడానికి.

"కమిటీని అడిగి చెప్తాను" అన్నాడు.

అడిగాడు. కమిటీ వేసవి సెలవుల తర్వాత కూర్చుంటుందన్నారు. పోలారావు ఫోన్ చేస్తే మొదట్లో ఎత్తాడు, తర్వాత మానేశాడు. అన్నం ముందు కూర్చుంటే ఆ ఇంటి పులుసు వాసన తగిలేది. కంచం పక్కకు నెట్టేసేవాడు.

చివరికి ఉండబట్టలేక పలాస బస్సెక్కాడు. రత్నాలమ్మనీ పోలారావునీ వెంటబెట్టుకుని ఆఫీసుకెళ్లి, కొబ్బరిపేటంటే గెడ్డపేటేనని రాసి సంతకం పెట్టాడు. రెండు నిమిషాల పని.

అధికారి చదివి పక్కన పెట్టాడు. "మొన్ననే ఊళ్ల పేర్లు పైకి పంపేశామండి. ముందే చెప్పుంటే మీ ఊరి పేరూ వెళ్లేది. ఇంక రెండో విడతలో చూద్దాం."

బయటికొచ్చాక పోలారావు మెట్టు మీద కూలబడ్డాడు. నవ్వుతూనే అడిగాడు. "సదువుకున్నోరు, మీరు సెప్పండి బాబూ. రెండో ఇడత దాకా నానుంతానేటి?"

"ఉంటావు మావా, ఎందుకుండవు!" అన్నాడు గౌరీశంకర్ గబుక్కున.

రత్నాలమ్మ మొగుడి రెక్క పట్టి లేపింది.

"సూడు, ఈ మాట కమిటీని అడక్కుండానే సెప్పీసినాడు."