పేరా ప్రకారం

పదో తరగతికి తెలుగు చెప్పే ఆవిడకి పిల్లలు పెట్టిన పేరు చిటపట టీచర్. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. పరీక్షలు పదిహేను రోజుల్లో ఉన్నాయి. ఉపమకీ రూపకానికీ తేడా ఐదోసారి చెప్పి గొంతు బొంగురుపోయిన రోజున, దిద్దుతున్న పుస్తకాల్లో ఒక మాట చూసి ఆవిడకి ఒళ్లు మండింది.

పునశ్చరణ పుస్తకంలో పదకొండో పేరా అది. ఒక గిడ్డంగిలో సరుకుల లిఫ్టు కూలి ముగ్గురు గాయపడిన వార్త. మూడో ప్రశ్న: 'ప్రమాదానికి ఎవరి నిర్లక్ష్యం కారణం?' జవాబు అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు పేరా చివరే ఉంది: లిఫ్టు నడిపే మనిషిది. ముప్పై ఏడుగురు అదే రాశారు. కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి మాత్రం కాగితం చిరిగేలా నొక్కి 'అబద్ధం' అని రాసింది.

టీచర్ సున్నా చుట్టి, మర్నాడు ఆ పిల్లని నిలబెట్టింది.

"జవాబు రాయమంటే తీర్పు చెప్తావేంటి?"

"అది అబద్ధం టీచర్."

"నిజమో అబద్ధమో నిన్నెవరడిగారు? పేరా ప్రకారం రాయాలి. సొంత కవిత్వానికి మార్కులు రాలవు."

"పేరాలో ఉన్నది మా నాన్న."

పక్క బెంచీలో ఎవరో పెన్ను కింద పడేసుకున్నారు. తీసుకోలేదు.

"లిఫ్టు తాడు తీగలు ఒక్కొక్కటే తెగుతున్నాయని యజమానికి మూడుసార్లు చెప్పాడు. మూడోసారి కాగితం మీద రాసిచ్చాడు. ఆ కాగితం సంగతి ఈ పేరాలో ఎక్కడుందో చూపించండి. పేరాలో వెతకడం మీరేగా నేర్పారు?" ఆ పిల్ల గొంతులో ఏడుపు లేదు. పళ్లు బిగించి మాట్లాడుతోంది. "నడుం పోయింది. ఉద్యోగం పోయింది. ఇప్పుడు మా క్లాసంతా కూర్చుని, తప్పు మా నాన్నదేనని ముత్యాల్లాంటి దస్తూరీతో రాసింది."

"కూర్చో" అంది టీచర్.

స్టాఫ్‌రూమ్‌కి వెళ్లేదాకా కోపం ఆ పిల్ల మీదే ఉంది. ముందే వచ్చి చెప్పొచ్చుగా, నలుగురిలో అంత మాట అనాలా? అనుకుంటూనే బీరువాలోంచి ఫైలు తీసింది. పాత పత్రిక ముక్క నుంచి ఆ పేరా తయారుచేసింది తనే. వార్తలో ఆఖరి వాక్యం ఇలా ఉంది: 'నడిపేవాడి నిర్లక్ష్యమే ప్రమాదానికి కారణమని గిడ్డంగి యజమాని తెలిపారు.'

పేరా నూట ఇరవై మాటలు దాటకూడదు. మూడు మాటలు ఎక్కువయ్యాయని 'గిడ్డంగి యజమాని తెలిపారు' కొట్టేసి, 'కారణమని'ని 'కారణం' చేసింది. పెన్సిలు గీత ఇంకా కనిపిస్తోంది. అతిశయోక్తి ఏదో, స్వభావోక్తి ఏదో విడమరిచి చెప్పే మనిషి, ఒక్కడి నోటిమాటని పట్టుకెళ్లి సత్యం చేసింది. చెంప ఛెళ్లుమన్నట్టయింది. తన చెయ్యి తనే కొరుక్కోవాలనిపించింది.

ఫైలుతో సహా హెడ్మాస్టరు గదికి వెళ్లింది. ఆయన అంతా విని కళ్లజోడు తుడుచుకున్నారు.

"పిల్ల బాధపడింది, పిలిచి రెండు మంచి మాటలు చెప్పండి. మూడు మాటల కోసం ఇంత రాద్ధాంతమా మేడమ్?"

"ఆ మూడు మాటలు తీసేసేగా సార్ ఒక మనిషిని దోషిని చేశాను!"

"పుస్తకాలు నాలుగు సెక్షన్లకీ పంచేశాం. ఇప్పుడు తప్పంటే తల్లిదండ్రులు మన మొహాన ఉమ్మేస్తారు."

"ఉమ్మనివ్వండి. చేసింది నేను, తుడుచుకుంటాను."

"పరీక్షలయ్యేదాకా దాని జోలికి పోవద్దు."

ఆవిడ తలుపు వేసిన చప్పుడుకి బయట గుమాస్తా ఉలిక్కిపడ్డాడు.

మర్నాడు క్లాసులో బోర్డు మీద వాక్యం మొత్తం రాసింది. "ఈ చివరి మూడు మాటలూ కొట్టేసింది నేను. చెప్పినవాడి పేరు తీసేస్తే చెప్పుడుమాట నిజమై కూర్చుంటుంది. వీటిని మీ పుస్తకాల్లో చేర్చండి. మూడో ప్రశ్న కొట్టేసి ఇది రాయండి: 'ఈ పేరాలో ఎవరి మాట ఉంది? ఎవరి మాట లేదు?'" కిటికీ వైపు తిరిగింది. "ఆ సున్నా నాదమ్మా."

ఆ పిల్ల మెత్తబడలేదు. "మిగతా మూడు సెక్షన్లలో?"

టీచర్ సుద్దముక్క బల్ల మీద పెట్టేసింది. ఇక్కడితో అయిపోయిందనుకుంది మరి. మళ్లీ తన మీద తనకే కోపం ముంచుకొచ్చింది.

"పద. నువ్వూ రా."

వరండాలో హెడ్మాస్టరు ఎదురొచ్చారు. "నేనేం చెప్పాను మేడమ్?"

"విన్నాను సార్. మెమో ఇవ్వండి, జవాబు రాస్తాను."

పక్క సెక్షన్లోకి వెళ్లాక ఆవిడ నోరు తెరవబోతుంటే ఆ పిల్ల పుస్తకం లాక్కుంది. "నేను చదువుతాను." పేరా చదివి, లేని మాటలు చేర్చి, తండ్రి రాసిచ్చిన కాగితం సంగతి చెప్పింది. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. టీచర్ కదలబోయింది. అంతలో ఆ పిల్లే మొదటి వాక్యం నుంచి మళ్లీ అందుకుంది, ఈసారి గొంతు పెంచి.

సాయంత్రానికి మెమో వచ్చింది. టీచర్ నిలబడే నాలుగు వాక్యాల్లో జవాబు రాసింది, ఎవరు ఏం చేశారో పేర్లతో సహా. ఆ పిల్ల థాంక్స్ చెప్పలేదు. ఆవిడ ఎదురుచూడనూ లేదు.