తివాచీల వీధికి రెండోసారి

ఆలియా తాడేపల్లిగూడెం కాలేజీలో నేరశాస్త్రం చెబుతుంది. ఏలూరులో కొన్ని వీధుల్లో కెమెరాలు పెట్టే ముందు ఆమెను నివేదిక అడిగారు. తివాచీలు నేసే వీధి గురించి ఆమె రెండే ముక్కలు రాసింది. కొత్తవాళ్లను అక్కడ ఎవరూ పట్టించుకోరు. ఉన్ని ఆరేసే తాళ్లు కెమెరాకు అడ్డం, తీయించాలి.

తాళ్లు పోతే రంగు వేసిన ఉన్ని ఆరేయడానికి, పోయినసారి తనకు వీధి చూపించిన నేతగత్తె సాబిరాకు వేరే చోటు లేదు. ఉన్నది ఒక్క గది, అందులో మగ్గం. రేపు ఆ నివేదిక మీద సంతకాలు. తాళ్లు తీసేస్తారన్న సంగతి సాబిరాకు తన నోటితోనే చెప్పడం న్యాయమనుకుని ఆలియా పొద్దున్నే బస్సు దిగింది. వస్తున్నట్టు ఎవరికీ కబురు చేయలేదు.

మలుపు తిరిగేసరికి వీధే కనబడలేదు. నేరేడు రంగు, ఇటుక రంగు, ముదురు ఆకుపచ్చ ఉన్ని చిలపలు, పొడవాటి నూలు కట్టలు, తాళ్ల మీద బరువుగా వేలాడుతున్నాయి. కొల్లేటి వైపు నుంచి వచ్చే తడిగాలికి అవి మెల్లగా ఊగుతుంటే నీళ్ల అడుగున నడుస్తున్నట్టుంది. తల వంచి మొదటి తాడు దాటింది.

"ఎవరింటికండీ?" ఉన్ని వెనక నుంచి ఎవరో ఆడమనిషి.

సాబిరా ఇంటికని ఆలియా చెప్పింది. రెండో తాడు దగ్గర మరో గొంతు, అడక్కుండానే, సాబిరా నీళ్లు పట్టుకుంటోందని చెప్పింది. మూడో తాడు దగ్గర సాబిరా మామగారు అబ్దుల్ జబ్బార్ రంగు చేతులతో చిలపలు పక్కకు జరిపి, ఊరు, పేరు, ఎవరి కోసం వచ్చిందో అన్నీ కనుక్కున్నాకే దారి ఇచ్చాడు.

సాబిరా బిందె దించి నొచ్చుకుంది. "చెప్పి రావాల్సిందండీ. పోయినసారి మీరొస్తున్నారని ఉన్ని అంతా తీయించేశాం. మిమ్మల్ని ప్రశ్నలతో విసిగించకుండా అందర్నీ తలుపులేసుకోమన్నాను. ఇవాళ మామగారు పరువు తీసేశారు."

ఆలియా గుమ్మం మెట్టు మీద కూర్చుండిపోయింది. వీధిని ఎలా చూడాలో పదిహేనేళ్లుగా పిల్లలకు చెబుతోంది. ఈ వీధిలో మాత్రం తాళ్ల కింద తల వంచినవాళ్లు ఆగక తప్పదు. ఆగినవాళ్లను పలకరించకుండా ఇక్కడివాళ్లు ఉండలేరు. దీన్ని కాపలా అని వీళ్లలో ఎవరూ అనుకోరు.

కెమెరాల పని చూసే వెంకట్రాజుకు అక్కడి నుంచే ఫోన్ చేసింది.

"నేను రాసింది తప్పండి."

"మూడు నెలల పనండీ. ఒక్క పూటలో తప్పయిపోయిందా?"

"ఆ రోజు నాకు మర్యాద చేశారండీ. నేను వీధిని చూడలేదు."

పొరపాటు తనదేనని ఆమె రాసి సాయంత్రంలోగా ఇస్తే తాళ్ల మాట కొట్టేస్తానన్నాడు. ఆ కాగితం కాలేజీకి కూడా వెళుతుందని గుర్తుచేశాడు. వెళ్లనివ్వమంది.

సాబిరా తెచ్చిన పీట మీద కాగితం పెట్టుకుంది. దాని మీద ఆకుపచ్చ నీడ కదులుతోంది.

"ఏం రాస్తున్నారండీ?"

"నన్ను ఎవరెవరు ఆపారో."

సాబిరా గొంతు తగ్గించింది. "మామగారి పేరు వద్దండీ. రేపు మీ ఆఫీసరు గారొచ్చినా ఆపేస్తారు."

ఆలియా ఆ పేరే ముందు రాసింది.