నవారు గళ్ళు

నేను ఊళ్ళో లేనప్పుడు నా భార్య శంకరమ్మ ఎమ్మిగనూరులో మా ఇంటి దూలానికి ఉరేసుకుందని తమ్ముడు ఉరుకుందు చెప్పాడు. ఆదోనిలో శవపరీక్ష చేసిన డాక్టరు నన్ను లోపలికి పిలిచాడు.

"ఉరైతే రక్తం కాళ్ళలోకి దిగాలప్పా. ఈమెకు వీపంతా చేరింది. సచ్చినాక గంటలకొద్దీ వెల్లకిలా పడుకోబెట్టి, ఆ పైన వేలాడదీసినారు."

కమిలిన వీపు మీద, మంచం ఒత్తిన చోట మాత్రం తెల్లటి నవారు గళ్ళున్నాయి. మూడు పట్టీలకు ఒకటి తప్పించే ఆ అల్లిక నాది. అలా ఒక్క మంచమే అల్లి తమ్ముడి పెళ్ళికి ఇచ్చాను.

వాడింటికి వెళ్ళి రోకలితో మోకాలు విరగ్గొట్టాను.

"మీ వదిన నీ మంచం మీదికి ఎట్లొచ్చిందిరా?"

"సెయ్యి పట్టుకుంటే అరిసిందన్నా! నోరు మూసినా, అంతే!"

నేనూ వాడి నోరు మూశాను. ఊపిరి ఆగేదాకా చెయ్యి తీయలేదు.