పెసర చేలో ఫొటో

ఆ మెరక చేలో పెసలు తప్ప ఇంకేదీ వేయాలన్న ఆలోచన వదినకు ఎప్పుడూ రాలేదు. పక్కనే మరిది చేను. ప్రభుత్వం ఏం ప్రకటించినా గంటలోపే ఊరంతా వినిపిస్తాడని అతన్ని అందరూ రేడియో అంటారు.

ఆ ఏడు మొక్కజొన్నకు మద్దతు ధర పెంచారు. పెసల ఊసే లేదు. వ్యవసాయాధికారి జీపు దిగకుండానే, "అందరూ మొక్కజొన్నే వెయ్యండి, ప్రతి గింజా మేమే కొంటాం" అని చెప్పి వెళ్ళిపోయాడు.

"వదినా, ఇంకా ఆ పెసలేనా?" అన్నాడు రేడియో.

"మొక్కజొన్నకి నీళ్ళెక్కడివి?"

"ధర ఉంటే నీళ్ళు అవే వస్తాయి," అన్నాడు ఆ మహామేధావి.

రాలేదు. రేడియో మొక్కజొన్న వేసి, బోరు రెండుసార్లు లోతు చేయించినా అది బురదే కక్కింది. ఎలాగో పండిన నాలుగు గింజలూ కొనుగోలు కేంద్రానికి తోలితే, అక్కడ ఊళ్ళకు ఊళ్ళే అదే పంటతో బారులు తీరి ఉన్నాయి. గోదాము నిండిపోయిందట. తేమ ఎక్కువట. ఆరబోస్తే వాన పడింది. బస్తాల్లోనే మొలకలొచ్చాయి. ప్రతి గింజా కొంటానన్న పెద్దమనిషి సెలవులో ఉన్నాడు.

మరుసటి ఏడు పెసలకు ధర పెంచారు. రేడియో వదిన గుమ్మంలో నిలబడ్డాడు.

"విత్తనాలు కావాలి వదినా."

"నేను చెప్తే నవ్వావు. జీపులోంచి చెప్తే నిజమైపోయిందా?"

"ధర ఉంది కదా మరి."

తిట్టినా ఎక్కదని తెలిసి, ఆమె డబ్బా దించి ఇచ్చింది.

ఆమె చేను పూతకొచ్చినా రేడియో ఇంకా దుక్కిలోనే ఉన్నాడు. అప్పుడొచ్చాడు అధికారి. వెంట ఫొటోగ్రాఫరు ఉన్నాడు కాబట్టి ఈసారి జీపు దిగాడు.

"మా ప్రోత్సాహంతోనే పెసలు వేశానని ఒక్క మాట చెప్పమ్మా."

"నేను కాపురానికొచ్చినప్పటి నుంచీ ఇక్కడ పెసలే బాబూ," అని వదిన మళ్ళీ కలుపు తీయడానికి వంగింది.

"నేను చెప్తా సార్!" రేడియో జుట్టు సవరించుకుంటూ గట్టు దాటి వచ్చాడు.

"కొంచెం జరుగమ్మా, ఫొటోలో పడుతున్నావు," అన్నాడు అధికారి.

"నా చేను. మీరే జరగండి."

జరిగారు. గట్టు మీద నిలబడి, ఆమె పంటను వెనక పెట్టుకుని తీయించుకున్నారు.

వారం తర్వాత తోటికోడలు పత్రిక పట్టుకుని వచ్చింది. "ఆదర్శ రైతు అని మా ఆయన ఫొటో వేశారక్కా!"

వదిన పత్రిక వైపు చూడనైనా లేదు. "అదును దాటాక చల్లాడుగా, చేలో ఏమైనా మొలిచిందా?"

తోటికోడలు పత్రిక మడిచి చంకలో పెట్టుకుంది.